ఊరి నీటికి లెక్క కట్టడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నీటి ప్రణాళిక గురించి అడిగినవే ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఆరు ప్రశ్నలకు ఇక్కడ జవాబిస్తున్నాం.

మా పంచాయతీ ప్రణాళికలో నీటి గురించి ప్రతిసారీ ‘రెండు చెక్‌డ్యాములు, ఒక చెరువు పూడికతీత’ అని రాసి పంపేస్తున్నాం. అసలు మా ఊళ్లో ఎంత నీరుందో, ఎంత వాడుతున్నామో మేమే లెక్క కట్టుకోగలమా?
ఒక సర్పంచ్, చీపురుపల్లి మండలం

కట్టుకోగలరు సర్పంచ్ గారూ. కేంద్ర భూగర్భజల మండలి దేశమంతటా వాడే జీఈసీ-2015 (భూగర్భజలాల అంచనా కమిటీ) పద్ధతే ఊరికీ పనికొస్తుంది. గ్రామ సచివాలయంలోనూ మండల కార్యాలయంలోనూ దొరికే కొన్ని కాగితాలు ముందు పోగుచేసుకోండి. ఊరి విస్తీర్ణం, ఈ-క్రాప్‌లో ఏ పంట ఎన్ని ఎకరాలు, దానికి చెరువు నీరా బోరు నీరా అన్న వివరం, విద్యుత్ సంస్థ దగ్గరుండే వ్యవసాయ సర్వీసుల జాబితా, మండల వర్షమాపకం లెక్కలు. వీటికి తోడు మే, నవంబరు నెలల్లో బావుల్లో కొలిచిన నీటిమట్టాలు కావాలి.

ఉదాహరణకు ఊరి విస్తీర్ణం 600 హెక్టార్లు, అందులో 100 హెక్టార్లు కొండ అనుకుందాం. వాలు 20 శాతం దాటిన కొండను లెక్కలోంచి తీసేయాలి. అక్కడ పడిన వాన ఇంకేలోపే గెడ్డలోకి (వాగులోకి) జారిపోతుంది. మిగిలింది 500 హెక్టార్లు. మేలో 8.5 మీటర్ల లోతున ఉన్న నీరు నవంబరుకు 4 మీటర్లకు వచ్చింది. అంటే 4.5 మీటర్లు పైకి లేచింది. అయితే ఆ 4.5 మీటర్ల మందమంతా నీరు కాదు, నీటితో నానిన మట్టీ రాయీ. అందులోంచి బావిలోకి ఊరి వచ్చే పాలును స్పెసిఫిక్ యీల్డ్ అంటారు. మన రెండు జిల్లాల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైటు, నైసు రాళ్లు శిథిలమై బంకమట్టి ఎక్కువగా ఉన్న చోట దాన్ని 1.5 శాతంగా, బంకమట్టి తక్కువైన చోట 3 శాతంగా తీసుకోవచ్చు. తక్కువదాన్నే తీసుకుందాం. 500 × 4.5 × 0.015 = 33.75 హెక్టారు మీటర్లు. ఒక హెక్టారు మీటరంటే 10,000 ఘనపు మీటర్లు. వానాకాలంలో మనం తోడుకున్నది ఇంకో 6 హెక్టారు మీటర్లు ఉందనుకుంటే, ఆ సీజనులో భూమిలోకి ఇంకింది దాదాపు 39.8.

ఇదంతా వానదే అనుకోకూడదు. చెరువు నీరు పరుచుకున్న మేర రోజుకు 1.4 మిల్లీమీటర్ల చొప్పున ఇంకుతుందని లెక్క. సగటున 20 హెక్టార్ల మేర 120 రోజులు నీరుంటే అది 3.4 హెక్టారు మీటర్లు. చెరువు కింద 40 హెక్టార్ల వరికి 30 సెంటీమీటర్ల నీరు పెడితే 12 హెక్టారు మీటర్లవుతుంది. నీటిమట్టం 10 మీటర్ల లోపు ఉన్న చోట వరి మడికి పెట్టిన చెరువు నీటిలో సగం మళ్లీ భూమిలోకే దిగుతుంది కాబట్టి ఇంకో 6. ఈ రెండూ తీసేస్తే వాన వాటా 30.4.

దీన్ని ఇంకో దారిలో సరిచూసుకోవాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు 870 మిల్లీమీటర్లు కురిసిందనుకుంటే, అందులో 8 శాతం ఇంకుతుందన్న లెక్కన 34.8 రావాలి. మనకు వచ్చింది దానికంటే 13 శాతం తక్కువ. తేడా 20 శాతం లోపు ఉంటే నీటిమట్టంతో కట్టిన లెక్కనే ఉంచుకోవచ్చు. అది దాటితే వాన లెక్కకు 0.8 రెట్లు గానీ 1.2 రెట్లు గానీ తీసుకోమని పద్ధతి చెబుతుంది. అయితే అంత తేడా వచ్చినప్పుడు ముందు మీ కొలతలనే అనుమానించండి. చార్నొకైటు రాయి ఉన్న చోట 8 బదులు 5 శాతం వేసుకోవాలి.

ఇక నవంబరు నుంచి మే వరకు కురిసే 230 మిల్లీమీటర్లకు 9.2 హెక్టారు మీటర్లు. రబీలో 60 బోర్లు ఆడుతున్నాయనుకుందాం. బోరుకు సెకనుకు 2 లీటర్లు, రోజుకు 5 గంటలు, 120 రోజులు. ఒక్కో బోరు 4,320 ఘనపు మీటర్లు తోడుతుంది, అంటే 0.43 హెక్టారు మీటరు. అరవైకీ కలిపి 25.9. మొక్కజొన్నకు పెట్టిన ఈ బోరు నీటిలో పాతిక శాతం, అంటే 6.5, తిరిగి ఇంకుతుంది. వానాకాలంలో ఇంకినదీ ఈ రెండూ కలిపితే ఏడాది మొత్తం రాబడి 55.4. అందులో 5 శాతం గెడ్డల్లోకి సహజంగా ఊరిపోయే నీటికి వదిలేస్తే వాడుకోదగ్గది 52.6. ఖర్చు చూస్తే వానాకాలంలో 6, రబీలో 25.9, మిగతా ఏడు నెలలకు రెండు వేల జనాభాకు తలకు 55 లీటర్ల చొప్పున తాగునీరు 2.3. మొత్తం 34.2. అంటే 65 శాతం వాడుతున్నారు. 70 శాతం వరకు సురక్షితం, 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 100 వరకు సంక్లిష్టం, ఆపైన మితిమీరిన వాడకం అని వర్గీకరణ.

ఇదే ఊళ్లో ఇంకో 20 బోర్లు పడితే వాడకం 78 శాతానికి చేరుతుంది. ఆ 20 బోర్లు తోడేది 8.6 హెక్టారు మీటర్లు. 3,000 ఘనపు మీటర్లు పట్టే చెక్‌డ్యాము ఏడాదికి నాలుగుసార్లు నిండి, నిలిచిన నీటిలో సగం ఇంకితే భూమికి చేరేది 0.6 మాత్రమే. ఇరవై బోర్లకు సరితూగాలంటే అలాంటివి పద్నాలుగుకు పైనే కావాలి. అందుకే ‘రెండు చెక్‌డ్యాములు’ అని రాసే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడమని గట్టిగా కోరుతున్నాం. రబీ మొక్కజొన్నలో కొంత భాగం తగ్గించి, వరి కోసిన మడిలో పదును మీదనే మినుము, పెసర చల్లుకుంటే మిగిలే నీరు చాలాచోట్ల చెక్‌డ్యాములు ఇచ్చేదానికంటే ఎక్కువే ఉంటుంది.

ప్రణాళికల్లో మాకు తరచూ కనబడే పెద్ద తప్పు, ఒకే నీటిని రెండుసార్లు రాసుకోవడం. చెరువు నీళ్లని ఒక పద్దులో మొత్తంగా చూపిస్తారు. అదే చెరువు నుంచి ఇంకిన నీటిని భూగర్భజలాల పద్దులో మళ్లీ చూపిస్తారు. డిసెంబరులో గెడ్డలో పారే నీరైతే దాదాపు పూర్తిగా భూమిలోంచి ఊరి వచ్చిందే. దాన్ని ‘ఉపరితల జలం, అదనపు లభ్యత’ అని రాసి ఎత్తిపోతల పథకం అడిగితే కాగితం మీద నీరు పెరుగుతుంది, ఊళ్లో పెరగదు. ఆ గెడ్డ పక్కన బోర్లు పెరిగిన కొద్దీ డిసెంబరు పారకం నవంబరులోనే ఆగిపోతుంది.

నీటిమట్టం తీయమన్నారు. ఒకే బావిలో ఇద్దరం కొలిస్తే మీటరు తేడా వస్తోంది. ఏది సరైనది?
సచివాలయ ఇంజనీరింగ్ అసిస్టెంట్, ఎచ్చెర్ల మండలం

మీలో ఒకరు బావి గట్టు గోడ పైనుంచి, ఇంకొకరు నేల మట్టం నుంచి కొలిచి ఉంటారు. గోడ ఎత్తు 90 సెంటీమీటర్లున్న చోట మేలో ఒకరకంగా, నవంబరులో ఇంకోరకంగా కొలిస్తే పై లెక్కలో 6.75 హెక్టారు మీటర్ల తప్పు దొర్లుతుంది. అది పదిహేను బోర్లు రబీ అంతా తోడే నీరు. బావి గోడ మీద ఒకచోట ఎర్ర రంగుతో గీత పెట్టండి. ఎప్పుడు కొలిచినా అక్కడి నుంచే కొలవాలి. నేల నుంచి ఆ గీత ఎత్తు ఎంతో ఒక్కసారి కొలిచి పుస్తకంలో రాసుకుని, ప్రతి కొలతలోంచీ దాన్ని తీసేయాలి.

స్టీలు టేపు చివర చిన్న బరువు కట్టి, కింది మీటరు మేర సుద్దముక్క రుద్ది దించండి. తడిసిన సుద్ద రంగు మారుతుంది కాబట్టి నీరు తగిలిన చోటు స్పష్టంగా కనబడుతుంది. మోటారు ఆడుతుండగా గానీ ఆపిన వెంటనే గానీ కొలవకండి. కనీసం పన్నెండు గంటలు ఆగాలి. కరెంటు వచ్చే వేళ తెలుసు కాబట్టి, దానికి ముందు పొద్దున్నే కొలవడం మేలు. పక్క పొలం మోటారు ఆడుతున్నా మీ బావిలో మట్టం దిగుతుంది.

ఊరికి ఒక్క బావి చాలదు. కొండ వాలున ఒకటి, మధ్యన గరువులో (మెట్ట నేలలో) ఒకటి రెండు, పల్లంలో చెరువు కింద ఒకటి రెండు ఎంచుకోండి. చెరువును ఆనుకుని ఉన్న బావి ఒక్కదాన్నే తీసుకుంటే ఊరంతా నీరున్నట్టు కనిపిస్తుంది. మే ఆఖరు వారంలో, తొలకరికి ముందే ఒకసారి కొలవాలి. నవంబరు మొదటి పది రోజుల్లో ఇంకోసారి. తుపాను వాన పడిన మర్నాడు మాత్రం వద్దు. వాన నీరు నేరుగా బావిలోకి దిగి మట్టం పొంగి ఉంటుంది. వారం ఆగండి. భూగర్భ జలశాఖ పీజోమీటరు (నీటిమట్టం కొలిచేందుకే వేసిన బోరు) మీ మండలంలో ఎక్కడుందో తెలుసుకుని మీ కొలతలను దానితో పోల్చుకోండి.

మా మండలం సురక్షితం అని ప్రభుత్వ జాబితాలో ఉంది. మార్చి వచ్చేసరికి మా బోర్లు గాలి కక్కుతున్నాయి. జాబితా తప్పా?
ఒక రైతు, లావేరు మండలం

తప్పు కాదండీ, జాబితా చెప్పేది వేరు. అది మండలం మొత్తానికి, ఏడాది మొత్తానికి సగటు. బోర్లేమో గెడ్డ వెంబడి ఒకే పట్టీలో గుంపుగా ఉంటాయి. అవన్నీ త్రీఫేజు కరెంటు వచ్చిన గంటల్లోనే ఒక్కసారిగా ఆడతాయి. ఒక్కో బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా దిగుతుంది. బోర్లు దగ్గరైతే ఆ దిగుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అందరి మట్టమూ కిందికి పోతుంది.

దానికి తోడు మన రాతి నేలలో నీరు నిల్వ ఉండేది పైనున్న శిథిల శిలలో, అంటే బోరు వేసేటప్పుడు మొరం, సుద్ద వచ్చే పొరలో. అది 12 మీటర్ల మందం ఉండి, మేలో నీరు 8.5 మీటర్లకు దిగిందంటే తడిగా మిగిలింది 3.5 మీటర్లే. అందులో నీటి పాలు 1.5 శాతం. లెక్క వేస్తే నేల మీద 5 సెంటీమీటర్ల మందాన పరిచినంత నీరు. వేసవిలో ఊరంతటికీ ఆధారం అదే. కింద గట్టి రాతిలోని పగుళ్లు నీటిని పంపే దారులే గానీ పెద్దగా దాచుకోవు. మూడొందల అడుగులు దాటాక పగుళ్లు తగలడం అరుదవుతుంది. పైన ఖాళీ అయ్యాక బోరు లోతు పెంచినందువల్ల కొత్త నీరు పుట్టదు, పగుళ్లలో ఉన్న కాస్త నీరూ వేగంగా లాగేస్తారు.

మీ బోరు ఎంత ఇస్తోందో జనవరిలోనే కొలవండి. రెండొందల లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. మోటారు వేసిన వెంటనే ఒకసారి, రెండు గంటల తర్వాత మళ్లీ. మొదట 80 సెకన్లలో నిండింది తర్వాత 130 సెకన్లు తీసుకుంటే, మార్చిలో ఏం జరగబోతోందో అప్పుడే తెలిసిపోతుంది. ఎంత విస్తీర్ణం వేయాలో దాన్ని బట్టి తేల్చుకోండి. సెకనుకు 2 లీటర్ల బోరు రోజుకు 5 గంటలు ఆడితే రబీ మొక్కజొన్నకు రెండెకరాలే నిక్కచ్చిగా పండుతుంది. నాలుగెకరాలు వేసి పాలు పోసుకునే దశలో తడి అందక నష్టపోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ నష్టం విత్తే ముందే తప్పించుకోగలిగింది.

ఒక్క హెచ్చరిక. తాగునీటి పబ్లిక్ బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయడాన్ని వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం నిషేధిస్తోంది. అది అందరి దాహానికి సంబంధించిన నిబంధన, దయచేసి పాటించండి.

మా చెరువుకు ఏటా ఎంత నీరొస్తుందో ఎలా తెలుస్తుంది? పూడిక తీస్తే ఆయకట్టు పెరుగుతుందా?
నీటి సంఘం సభ్యులు, తెర్లాం మండలం

మూడు సంగతులు విడివిడిగా చూడాలి. వచ్చే నీరు, పట్టే నీరు, పొలానికి చేరే నీరు.

వచ్చే నీటికి పరీవాహక ప్రాంతం గీసుకోండి. ఎగువన ఇంకో చెరువో బందో ఉంటే అది నిండి అలుగు పారేదాకా దాని వెనకనున్న భూమి మీది కాదు. వానకు ఏళ్ల సగటు వాడొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను లాంటిది ఒక్కటి వస్తే సగటు ఎగిరిపోతుంది, ఆ నీరేమో రెండు రోజుల్లో అలుగు దాటి సముద్రం చేరుతుంది. 31 ఏళ్ల వర్షపాతాన్ని పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా రాయండి. పైనుంచి 24వ అంకె 75 శాతం నమ్మకమైన వాన, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అంతకు తగ్గదు. ఉదాహరణకు అది 800 మిల్లీమీటర్లు, సొంత పరీవాహకం 400 హెక్టార్లు, అందులో 20 శాతం పారి చెరువు చేరితే 64 హెక్టారు మీటర్లు. ఆ శాతం నేలను బట్టి మారుతుంది. నీటిపారుదల ఇంజనీర్లు వాడే స్ట్రేంజ్ పట్టికలో మంచి, మధ్యరకం, నాసి పరీవాహకాలకు వేర్వేరు విలువలుంటాయి. తోటలూ పొలం గట్లూ ఎక్కువైతే పారకం తగ్గుతుంది.

పట్టే నీటికి, నిండుగా ఉన్నప్పటి విస్తీర్ణాన్ని గరిష్ఠ లోతుతో గుణించి 0.4 వేస్తే ఉజ్జాయింపు వస్తుంది. 20 హెక్టార్లు, రెండున్నర మీటర్లయితే 20 హెక్టారు మీటర్లు, అంటే ఏడు మిలియన్ ఘనపు అడుగులు. ఎండకు ఆవిరయ్యేది రోజుకు 4 నుంచి 6 మిల్లీమీటర్లు.

పూడిక సంగతికి వస్తే, మదుం (తూము) అడుగు మట్టం కంటే కింద ఎంత తవ్వినా ఆ నీరు తనంతట తాను ఆయకట్టుకు పారదు. పశువులకు పనికొస్తుంది, కొంత ఇంకుతుంది, అంతే. ఆయకట్టుకు లాభం కావాలంటే మదుం మట్టానికీ అలుగు మట్టానికీ మధ్య పేరుకున్న ఒండ్రే తీయాలి. అది సాధారణంగా నీరు చెరువులోకి దిగే ఎగువ వైపు మేట వేసి ఉంటుంది. యంత్రాలేమో దారి అనువుగా ఉందని గట్టు దగ్గరే తవ్వుతాయి. గట్టు పాదం తవ్వేస్తే గట్టుకే ముప్పు. అంచనా రాసేటప్పుడే ఎక్కడ తవ్వాలో గీసి ఇవ్వండి.

గెడ్డలో పారే నీరు కొలవాలంటే ఒక ఇనుప రేకును 90 డిగ్రీల వి ఆకారంలో కోసి అడ్డంగా బిగించండి. అంచుల పక్కనా కిందా నీరు కారకుండా బంకమట్టితో మూసేయాలి. వి అడుగు నుంచి నీటి ఎత్తు 10 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు 4.4 లీటర్లు, 20 ఉంటే 25 లీటర్లు పారుతున్నట్టు. ఎత్తు రేకు దగ్గర కొలవకూడదు, అక్కడ నీరు వంగి దిగుతుంది. ఆ ఎత్తుకు నాలుగింతల దూరం ఎగువన పాతిన పుల్ల మీద చూడండి. రేకు దాటిన నీరు కిందికి స్వేచ్ఛగా పడాలి, నీటిలో మునిగి ఉంటే లెక్క చెల్లదు.

సముద్రానికి దగ్గరలో ఫిల్టరు పాయింట్లు (ఇసుక నేలలో వేసిన తక్కువ లోతు బోర్లు) ఉప్పుబారుతున్నాయి. ఇంకా లోతుకు దించమంటారా?
ఒక పాఠకురాలు, గార మండలం

వద్దమ్మా. ఇసుకలో తియ్యనీరు ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. సముద్రమట్టం కంటే తియ్యనీరు ఒక మీటరు ఎత్తున ఉంటే కింద సుమారు 40 మీటర్ల మేర తియ్యనీరుంటుందని లెక్క. అర మీటరే ఉంటే 20. అందులోనూ కింది భాగం కలగలుపు నీరే. పైన తోడి మట్టం ఒక అడుగు దించితే కింది నుంచి ఉప్పునీరు నలభై అడుగులు ఎగదన్నుతుంది. లోతుకు దించితే దానికి ఇంకా దగ్గరవుతారు. ఒక్క పెద్ద మోటారు బదులు తక్కువ లోతున రెండు మూడు చిన్న పాయింట్లు దూరం దూరంగా వేసి, కొద్దిసేపు చొప్పున విడతలుగా తోడండి. పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువులుంటే వాటి ఊట కూడా కారణం కావచ్చు. మే, నవంబరు నెలల్లో క్లోరైడు పరీక్ష చేయించండి. తాగునీటికి లీటరుకు 250 మిల్లీగ్రాములు కోరదగ్గ హద్దు, వేరే ఆధారం లేకపోతే 1,000 వరకు.

వంశధార, నాగావళి రెండూ ఉన్న జిల్లా ప్రణాళికలో నదుల నీటిని ఎంతని రాయాలి? పాత నివేదికల అంకెలు వాడుకోవచ్చా?
ఒక పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం

నదిలో కనబడే నీరంతా జిల్లాది కాదు. రెండు నదులూ ఒడిశాలో పుట్టినవే. వంశధార నీటిని సగం సగం పంచుకోవాలన్నది 1962 నాటి ఒప్పందం. 2017లో ట్రిబ్యునల్ 115 టీఎంసీల లభ్యతలో ఆంధ్రప్రదేశ్‌కు 57.5 టీఎంసీలు అని తేల్చింది. ఆ వాటాలోంచి గొట్టా బ్యారేజీ కాలువలకూ, సుమారు 19 టీఎంసీల హిరమండలం జలాశయానికీ, ఉద్దానం తాగునీటి పథకానికీ ఇప్పటికే కేటాయించిన నీటిని ముందు తీసేయండి. కాలువల ఊటను భూగర్భజలాల పద్దులో వేస్తే ఇక్కడ మళ్లీ కలపకూడదు.

పాత అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించుకోవద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిశాయి. మడ్డువలస జలాశయం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది, దాని ఆయకట్టు మాత్రం కొంత శ్రీకాకుళంలో ఉంది. తోటపల్లి బ్యారేజీ మన్యంలో ఉంది, నీరు మూడు జిల్లాలకూ వెళ్తుంది. పాత ‘శ్రీకాకుళం జిల్లా’ మొత్తాన్ని కొత్త జిల్లా విస్తీర్ణంతో భాగిస్తే అర్థం లేని అంకె వస్తుంది. మండలాల వారీ పట్టికలు తీసుకుని కొత్త సరిహద్దుల ప్రకారం మళ్లీ కూడండి. నదుల నీటినైతే జిల్లా గీతలు పక్కన పెట్టి పరీవాహకం వారీగా కట్టి, చివర్లో ఆయకట్టు ఏ జిల్లాలో ఎంతుందో దాన్ని బట్టి పంచండి. భూగర్భజలాల అంచనా 2022 నుంచి ఏటా జరుగుతోంది కాబట్టి ఏ ఏడాది అంకె వాడారో పక్కనే రాయండి. రెండు వేర్వేరు ఏళ్ల రాబడినీ ఖర్చునూ ఒకే వరుసలో పెట్టకండి.